చిన్నరసాల పెట్టెలో అప్పీలు

ఆ రోజు ఉదయం సువర్ణరాజు వేసుకున్న పథకంలో చిక్కేమీ లేదు. స్నానం చేయాలి. నాలుగు ఇడ్లీలు తినాలి. విస్సన్నపేట మార్కెట్లో పనుందని భార్యతో ఒక చిన్న అబద్ధం చెప్పాలి. వరండాలో ఉన్న చిన్నరసాల పెట్టెను మోటారు సైకిలు వెనక కట్టుకుని, విస్సన్నపేట వైపు కాకుండా నూజివీడు వైపు తిరిగి, లాయరు వెంకట రమణ గారి ఆఫీసు ముందు దిగాలి. వీటిలో అబద్ధం ఒక్కటే అతనికి సరిగ్గా రాని పని. అందుకే నీళ్ళు పోసుకుంటూ దాన్ని నాలుగైదు సార్లు మెల్లగా అని చూసుకున్నాడు.

పెట్టెలో పైన మేలైన చిన్నరసాలు. వాటి కింద ఎండుగడ్డి. గడ్డి కింద, పెట్టె అడుగున, ప్లాస్టిక్ కవరులో కోర్టు తీర్పు నకలు. మామిడి రోజుల్లో నూజివీడు లాయరు దగ్గరికి ఖాళీ చేతులతో వెళ్ళే కక్షిదారు ఉండడు. పెట్టెతో వెళ్ళేవాణ్ణి ఎక్కడికని అడిగేవాడూ ఉండడు. కాగితం చేత్తో పట్టుకుని రోడ్డెక్కితే మాత్రం ఊరంతా అడుగుతుంది.

ఆ తీర్పు ఒక బాట గురించి. ముసునూరు పక్క పల్లెలో ఉన్న సువర్ణరాజు మామిడితోటకు రోడ్డు నుంచి ఒకటే బాట. అది సవరయ్య తోట అంచు వెంట వెళ్తుంది. సవరయ్య వరసకు బావ. గట్టు మీది మూడు చెట్ల కాయలు ఎవరివన్న మాట దగ్గర ఇద్దరికీ చెడి, ఒక తెల్లవారి లేచేసరికి బాటకు అడ్డంగా ముళ్ళకంచె పడింది. కోర్టుకెక్కారు. చెట్లు సువర్ణరాజువని, బాట సవరయ్యదని కింది కోర్టు తీర్పు చెప్పి ఇద్దరినీ సమానంగా ఏడిపించింది. సువర్ణరాజు ఏడుపు కొంచెం ఎక్కువ. బాట లేకపోతే ట్రాలీ ఆటో తోటలోకి రాదు. కాయను గంపలకెత్తి ఎండలో రోడ్డు దాకా తల మీద మోయించాలి. తోట చూడ్డానికి వచ్చిన వ్యాపారులు కాయను చూసి ముచ్చటపడి, కంచెను చూసి వెళ్ళిపోతున్నారు. ఈ సీజను ఇలాగే పోతే తోట ఉండీ లేనట్టే.

మరి అప్పీలు వేసుకోవడానికి దాపరికం దేనికి? తీర్పు వచ్చిన ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల, రొట్టె, ద్రాక్షరసం పంచే ఆరాధన. పాస్టరు చార్లెస్ గారు, ఊళ్ళో అందరికీ అయ్యగారు, ప్రసంగం మధ్యలో ఆపి, "తగువులు పెట్టుకుని ఈ బల్ల దగ్గరికి రాకూడదు. ఇద్దరు సహోదరులు ముందుకు రండి" అన్నారు. పేర్లు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం కూడా లేదు. సువర్ణరాజు, సవరయ్య లేచి వెళ్ళి చేతులు కలిపారు. ఇక కోర్టు మాట ఎత్తమని సంఘం ముందు చెప్పారు. చాలామంది కళ్ళు తుడుచుకున్నారు. సువర్ణరాజు భార్య రిబ్కమ్మ అయితే వెక్కివెక్కి ఏడ్చింది. సువర్ణరాజు ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆ మనస్ఫూర్తి సోమవారం ఉదయం కంచె ముందు నిలబడే దాకా ఉంది.

ఆ సోమవారమే అతను లాయరు దగ్గరికి వెళ్ళాడు. లాయరు తీర్పు నకలు తెప్పించి ఇచ్చి, "చదువుకుని నిదానంగా ఆలోచించుకోండి. కానీ గడువు గుర్తుంచుకోండి. తీర్పు రోజు నుంచి ముప్పై రోజులు. నకలు కోసం కోర్టులో పట్టిన రోజులు మనకు కలిసొస్తాయి. అవన్నీ కలుపుకున్నా ఇరవై తొమ్మిదో తారీకు సాయంత్రంతో సరి. ఆ తర్వాత వస్తే ఆలస్యం ఎందుకైందో జడ్జిగారికి చెప్పుకోవాలి. మీరేం చెప్తారు? కాయలు కోసుకుంటున్నాననా?" అన్నాడు. సువర్ణరాజు నిదానంగానే ఆలోచించాడు. ఆ రోజే ఇరవై తొమ్మిది.

తల తుడుచుకుంటూ వరండాలోకి వచ్చేసరికి పెట్టె లేదు.

"రిబ్కా, ఇక్కడ పెట్టె ఏదీ?"

రిబ్కమ్మ వంటింట్లోంచి నవ్వు మొహంతో వచ్చింది. ఆ నవ్వు చూసే అతనికి ముందు భయం వేసింది.

"ఇచ్చేశానండీ. మీరు చెప్పకపోతే నాకు తెలీదనుకున్నారా?"

"ఏం... ఏం తెలుసు?"

"మొదటి కోత పెట్టె అయ్యగారింటికి పంపకుండా ఏ యేడైనా ఉన్నామా? ఈ యేడు కోర్టు గొడవలో మర్చిపోయారేమో అనుకున్నా. నిన్న మీరు ఒక్కో కాయా తుడిచి తుడిచి పేరుస్తుంటే చూశా. నాకు ఏడుపొచ్చిందండీ. ఇందాక అయ్యగారే బండి మీద వెళ్తూ ఆగారు. పెట్టె మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి తీసుకెళ్ళారు. మీకు ఆమెన్ వినపళ్ళా?"

వినపడింది. టీవీ అనుకున్నాడు.

"కొన్ని కాయలు ఇంకా పండలేదే!"

"పండకపోతే అమ్మగారు గడ్డిలో వేసుకుంటారు. ఆవిడకి తెలీదా ఏంటి?"

గడ్డి అన్న మాట వినగానే సువర్ణరాజు చొక్కా అందుకున్నాడు. గుండీలు పెట్టుకుంటూనే బండి తీశాడు. "ఇడ్లీలండీ!" అని వెనక నుంచి రిబ్కమ్మ కేక వేసింది. ఆ ఇంట్లో అతను ఇడ్లీలు వదిలేసి వెళ్ళడం అదే మొదటిసారి. ఆవిడ దాన్ని కూడా భక్తి కిందే రాసుకుంది.

చర్చి పక్కనే పాస్టరు గారి ఇల్లు. దారంతా సువర్ణరాజు ఏం చెప్పి పెట్టె అడగాలా అని ఆలోచించాడు. ఏదో కాగితం పడిపోయిందంటే, వాళ్ళే వెతికి తీసి చదువుతారు. కాబట్టి కాగితం ఊసు రాకూడదు. తప్పు కాయల మీదకే నెట్టాలి.

పాస్టరు గారి భార్య సుసన్నమ్మ గారు వాకిట్లో మొక్కలకు నీళ్ళు పోస్తున్నారు.

"వందనాలు అమ్మగారూ. అయ్యగారు పెట్టె తెచ్చారా?"

"వందనాలు రాజు గారూ. రండి రండి. మీకు కృతజ్ఞతలు చెప్పాలనే అనుకుంటున్నా. ఆ పెట్టె ఇక్కడికి రాలేదండీ. మీ ఇంటి దగ్గర తీసుకున్నాక అయ్యగారికి దారిలో ఒక ఆలోచన వచ్చిందంట. నాకు ఫోన్ చేసి చెప్పారు."

"ఏం ఆలోచన?"

"మీ మొదటి ఫలం సవరయ్య గారింటికి వెళ్తే ఎంత సాక్ష్యంగా ఉంటుందీ అని. అక్కడే వాళ్ళింట్లో దించేసి, ఆయన మీటింగుకి ఏలూరు వెళ్ళిపోయారు."

సువర్ణరాజు గేటు పట్టుకున్నాడు. ఊళ్ళో ఇన్ని ఇళ్ళున్నాయి. ఎవరికి తెలియకూడదని గడ్డి కింద దాచాడో, కాగితం నేరుగా ఆ మనిషి ఇంటికే వెళ్ళింది. అదీ పాస్టరు గారి చేతుల మీదుగా, ప్రార్థన చేయించుకుని మరీ.

"అమ్మగారూ, ఆ కాయలు తినకూడదు. వెనక్కి తెప్పించాలి."

"ఎందుకండీ?"

ఎందుకో అతనికీ తెలియదు. నోటికి ఏది ముందొస్తే అది వచ్చింది. "కార్బైడు."

సుసన్నమ్మ గారి చేతిలో చెంబు కింద పడింది. "దేవుని మొదటి ఫలానికి కార్బైడు వేశారా!"

"నేను వెయ్యలేదండీ. బయట కాయ కొంత... కలిసిపోయింది. పొరపాటున."

మామిడి పండే చోట ఈ మాట అనకూడదు. మందు పెట్టి మగ్గించిన కాయను సంతలో అమ్మేవాడికే ఊళ్ళో మర్యాద ఉండదు. సువర్ణరాజు తన తోటకు తానే ఆ మచ్చ పెట్టుకున్నాడు. సుసన్నమ్మ గారు మంచి మనిషి. మంచి మనుషులకు ఉండే తొందర ఆవిడకూ ఉంది. అతను బండి స్టార్ట్ చేసేలోపే సవరయ్య కోడలు షాలోమికి ఫోన్ చేసేశారు. తర్వాత స్త్రీల సమాజం వాట్సాప్ గ్రూపులో, ఎవరింటికైనా ఆ కాయలు వచ్చి ఉంటే తినవద్దని గొంతు రికార్డు చేసి పెట్టారు.

సవరయ్య ఇంటికి వెళ్ళేసరికి తాళం. వరండాకు ఇనప గ్రిల్లు. గ్రిల్లు లోపల, అరుగు మీద, తన పెట్టె. మూత విప్పి ఉంది. కాయలు సగానికి పైగా తీసేశారు. గడ్డి మాత్రం పైకి కనిపిస్తోంది.

సువర్ణరాజు గ్రిల్లులోంచి చెయ్యి పెట్టి చూశాడు. అందలేదు. గోడకు సవరయ్య మామిడి చిక్కం ఆనించి ఉంది, పొడుగాటి వెదురు కర్ర, చివర వల సంచి. అటూ ఇటూ చూసి దాన్ని తీసుకున్నాడు. ఇన్నేళ్ళుగా చిటారు కొమ్మల నుంచి కాయ కింద పడకుండా దించిన చెయ్యి అది. గ్రిల్లు సందులోంచి కర్ర పోనిచ్చి, పెట్టె అంచుకు వల తగిలించి, మెల్లగా లాగడం మొదలుపెట్టాడు. పెట్టె జానెడు జరిగింది. ఇంకో జానెడు జరిగింది. అరుగు చివరికొచ్చి బోర్లా పడింది. గడ్డంతా నేల మీద పరుచుకుంది. రెండు కాయలు దొర్లుకుంటూ వచ్చి గ్రిల్లు దగ్గర ఆగాయి. కవరు మాత్రం లేదు.

"అన్నయ్య గారూ! చిక్కంతో చెట్టు మీద కాయలు కోస్తారు గానీ, వరండాలో కాయలు కోస్తారా?"

ఎదురింటి జగదాంబ. నడుం మీద చెయ్యి పెట్టుకుని ఎంతసేపటి నుంచి చూస్తోందో తెలియదు.

"కార్బైడు కాయలమ్మా. పిల్లలెవరన్నా తింటారేమోనని..."

"తినేశాడుగా సవరయ్య మనవడు, ఆ బుడ్డోడు! మూడు కాయలు తిన్నాడంట. ఫోను రాగానే షాలోమి వాణ్ణి చంకనేసుకుని నూజివీడు ఆస్పత్రికి పరిగెత్తింది. డాక్టరు గారికి చూపించాలని కాయలు కూడా పట్టికెళ్ళింది."

ఆ పిల్లాడికి ఏమీ కాదని సువర్ణరాజుకు తెలుసు. ఆ కాయకు తాను ఏ మందూ పెట్టలేదు. కానీ ఆ తల్లి ఎంత హడలిపోయి ఉంటుందో తలుచుకుంటే మొదటిసారి తన మీద తనకు అసహ్యం వేసింది. అక్కడే నిలబడి సుసన్నమ్మ గారికి ఫోన్ చేశాడు.

"అమ్మగారూ, ఆ కాయల్లో కార్బైడు లేదండీ. నేనే పొరబడ్డా. అందరికీ చెప్పండి."

"మేమెవరమూ కంగారు పడకూడదని అలా అంటున్నారు కదూ? మీ మనసు నాకు తెలుసు రాజు గారూ. ప్రార్థన చేస్తున్నాం."

ఫోన్ పెట్టేశారు. అబద్ధాన్ని నమ్మినంత తేలిగ్గా నిజాన్ని ఎవరూ నమ్మలేదు.

"సవరయ్య ఎక్కడున్నాడమ్మా?" అన్నాడు జగదాంబతో.

"ఫోను రాకముందే వెళ్ళిపోయాడు. పెట్టె విప్పి చూసుకుంటున్నాడా, అడుగు నుంచి ఏదో కవరు తీశాడు. చదివాడు. కాసేపు అలాగే కూర్చుండిపోయాడు. నేను పలకరిస్తే పలకలా. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కూలోళ్ళని పిలిపించి, గొడ్డళ్ళూ పలుగులూ ఇచ్చి, వాళ్ళని వెంటేసుకుని తోట వైపు వెళ్ళాడు."

ఎర్రబడ్డ కళ్ళు, గొడ్డళ్ళు, తోట. మూడూ కలిపితే సువర్ణరాజుకు గట్టు మీది మూడు చెట్లు కనిపించాయి. కాపు మీదున్న చెట్లు. కోర్టు తనకిచ్చిన ఒకే ఒక్క వరం. మాట తప్పిన తన మీద కసితో సవరయ్య వాటిని మొదలంటా నరికించేస్తున్నాడు. ఇప్పుడు అటు వెళ్తే చెట్లు దక్కుతాయేమో, గడువు దాటిపోతుంది. ఇటు వెళ్తే అప్పీలు పడుతుంది, చెట్లు దక్కవు. పైగా అటు గొడ్డళ్ళున్నాయి. బండి నూజివీడు వైపు తిరిగింది.

లాయరుకు ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. కోర్టులో ఉన్నంతసేపూ ఆయన ఫోను ఆపేసే ఉంచుతాడు. నూజివీడు రోడ్డు మీద కాయ లారీలు బారులు తీరి ఉన్నాయి. ముందు లారీ కదలదు, వెనక లారీ హారను ఆపదు. ఎండ నడినెత్తికొచ్చి, కొంచెం కొంచెంగా పడమటికి జారుతోంది. ఆ బారులో ఇరుక్కుని ఉండగా ఫోను మోగింది. రెడ్డిగూడెం వ్యాపారి సంతోష్ కుమార్. వచ్చే వారం తోట చూడ్డానికి వస్తానన్నవాళ్ళలో మిగిలినవాడు అతనొక్కడే.

"ఏంటండీ రాజు గారూ, మీ తోట కాయకి కార్బైడంట?"

"చెట్టు మీదున్న కాయకి కార్బైడు ఎలా వేస్తారయ్యా?"

"నేనూ అదే అనుకున్నానండీ. అయినా మాట పడ్డాక కొనేవాడు అనుమానంగా చూస్తాడు కదా. పైగా మీకు బాట కూడా లేదు. ఇంకోసారి మాట్లాడదాం లెండి."

ఇంకోసారి అంటే ఇక లేదని వ్యాపారం తెలిసిన వాళ్ళందరికీ తెలుసు. సువర్ణరాజు బండిని రోడ్డు పక్క మట్టిలోకి దించి, లారీల వారన గతుకుల్లో తోలుకుంటూ పోయాడు. తీర్పు నకలు లేదు. కాయల పేరు పోయింది. చెట్లు పోతున్నాయి. ఇక మిగిలింది గడువు ఒక్కటే. అది కూడా పోతే ఈ రోజు చేసినదంతా దేనికోసం చేసినట్టు?

కోర్టు ఆవరణలో లాయరు వెంకట రమణ నల్లకోటు చేతి మీద వేసుకుని మెట్లు దిగుతున్నాడు. సువర్ణరాజును చూశాడు. అతని వెనక చూశాడు. బండి వెనక కూడా చూశాడు.

"పెట్టె ఏదీ?"

"పోయిందండీ. అందులోనే తీర్పు నకలు కూడా పోయింది. ఇవాళే ఆఖరు రోజు. ఇప్పుడెలాగండీ?" అన్నాడు సువర్ణరాజు.

లాయరు ఏమాత్రం కంగారు పడలేదు. "నకళ్ళు రెండు తీయించాను. ఒకటి నా దగ్గరుంది."

"రెండా! మరి నాకు చెప్పలేదేం?"

"చెప్తే ఉన్నది జాగ్రత్తగా పెట్టుకునేవారా? మామిడి రోజుల్లో రైతు చేతికి కాగితమిస్తే సొన మరకలతోనైనా వస్తుంది, లేదంటే అసలు రాదు. నా ప్రాక్టీసంతా ఇక్కడేనండీ. అప్పీలు మెమో టైపు చేయించి కూడా ఉంచా. సంతకాలు పెట్టండి. కౌంటరు మూసేస్తారు."

సువర్ణరాజు చూపించిన చోటల్లా సంతకం పెట్టాడు. తొందరలో ఒక సంతకం అతనిది కానట్టు వచ్చింది. లాయరు కాగితాలు పట్టుకుని చకచకా నడిచాడు. కిటికీ అవతల మనిషి కుర్చీ వెనక్కి జరిపి లేవబోతున్నాడు. లాయరు నవ్వాడు, ఏదో అన్నాడు. ఆ మనిషి గడియారం వైపు చూసి, నిట్టూర్చి, మళ్ళీ కూర్చున్నాడు. ఒక్కో పేజీ తిప్పి చూస్తుంటే సువర్ణరాజు పేజీలు లెక్కపెడుతూ నిలబడ్డాడు. చివరికి ముద్ర పడింది.

అంత సేపటికి అతనికి ఆకలి తెలిసింది. పొద్దుటి నుంచీ బిగబట్టుకున్నదంతా ఒక్కసారి వదిలేసినట్టయి, అక్కడే చెట్టు కింద కూలబడ్డాడు.

"అవతలి పార్టీకి కాపీ స్పీడ్ పోస్టులో పంపించెయ్యనా?" అన్నాడు లాయరు.

"పంపండి," అన్నాడు సువర్ణరాజు. గొడ్డళ్ళు గుర్తొచ్చి, "ఇవాళే పంపండి," అని కూడా అన్నాడు.

పొద్దు వాలుతుండగా తోట దగ్గరికి చేరుకున్నాడు. దూరం నుంచే జనం కనిపించారు. పాస్టరు గారు ఏలూరు నుంచి తిరిగొచ్చేశారు. సుసన్నమ్మ గారు, జగదాంబ, షాలోమి, ఆమె చంకలో పిల్లాడు, తన రిబ్కమ్మ. సువర్ణరాజు బండి ఆపి, దిగడానికి ధైర్యం చాలక, గట్టు వైపు చూశాడు. మూడు చెట్లూ ఉన్నాయి. కాయలతో సహా ఉన్నాయి.

లేనిది కంచె.

ముళ్ళకంపంతా నరికి ఒక పక్కకు కుప్ప పోశారు. గుంజలు పీకిన గుంటలు పూడ్చి బాట చదును చేశారు. ఆ బాట మధ్యలో సవరయ్య, చొక్కా చేతులు మడిచి, ఒళ్ళంతా దుమ్ముతో నిలబడి ఉన్నాడు. సువర్ణరాజును చూడగానే పెద్ద అంగలు వేసుకుంటూ వచ్చి గట్టిగా కౌగిలించుకున్నాడు.

"బావా, పెట్టె అడుగున చూశాను."

సువర్ణరాజు వెనక్కి జరగబోయాడు. సవరయ్య వదల్లేదు.

"ఇవాళే కదా నీ అప్పీలుకి ఆఖరు రోజు? మా లాయరు చెప్పాడు. నకలు లేకుండా అప్పీలు లేదు. అలాంటి నకలుని సరిగ్గా ఇవాళే, మొదటి కోత పెట్టెలో పెట్టి, అయ్యగారి చేత నా ఇంటికి పంపావు. నోటితో ఒక్క మాట చెప్పకుండా! నేనింకేం మనిషిని బావా? కోర్టు నాకిచ్చిన బాట నీకిచ్చేస్తున్నా. నీ బళ్ళు ఎన్ని కావాలంటే అన్ని తోలుకో."

"నేను కాయలే మోశాననుకున్నా," అన్నారు పాస్టరు గారు, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ. "దేవుడు నాతో ఏం మోయించాడో చూడండి."

సువర్ణరాజుకు ఆ క్షణంలో ఏ బండి కిందైనా పడితే బాగుండుననిపించింది. చెప్పేద్దామనే నోరు తెరిచాడు. "బావా, నేను ఇవాళ నూజివీడు వెళ్ళింది..."

"తెలుసులే! పిల్లాడి కోసం ఎండలో ఆస్పత్రికి పరిగెత్తావంట. అమ్మగారు చెప్పారు."

"మీరొచ్చేలోపే మమ్మల్ని పంపేసుంటారు. బుడ్డోడికేం కాలేదండీ," అంది షాలోమి. "కార్బైడు వేస్తే ఈ రుచి రాదన్నారు డాక్టరు గారు. చూస్తానని ఒకటి కోశారు. చూస్తూ చూస్తూ నాలుగు తిన్నారు. తోట ఎవరిదని కూడా అడిగారు."

రిబ్కమ్మ భర్త వైపు చూసిన చూపులో ఎంత గర్వముందంటే, ఇక అతని నోరు తెరుచుకోలేదు. పాస్టరు గారు అందరినీ బాట మీద చేతులు పట్టుకుని నిలబడమని, ప్రార్థన చేశారు. సువర్ణరాజు కూడా ఆమెన్ అన్నాడు. అందరికంటే మెల్లగా అన్నాడు.

తర్వాత కాయలు కోసి పంచుతుండగా ఫోను పట్టుకుని చెట్ల చాటుకు నడిచాడు. సవరయ్య కూడా ఫోను చెవి దగ్గర పెట్టుకుని అటు నుంచి వస్తూ ఎదురుపడ్డాడు. "ట్రాక్టరోడితో. బాటకి మట్టి తోలించాలి కదా," అన్నాడు సవరయ్య. "నేను లోడింగు వాళ్ళతో," అన్నాడు సువర్ణరాజు. ఇద్దరూ నవ్వుకుని పక్కకు తప్పుకున్నారు.

"రమణ గారూ, ఆ కాపీ పంపకండి!"

"పంపేశానండీ. రసీదు నా బల్ల మీదుంది. ఏ పనైనా అదే రోజు చేయడం నా సర్వీసులో ఇదే మొదలు. మీ కంగారు చూసి చేశా."

"అయితే అప్పీలు వెనక్కి తీసుకుంటా."

"తీసుకోవచ్చు. ఒక మెమో వేస్తే సరి. కాకపోతే రేపటి నుంచి వేసవి సెలవులు. జూన్‌లో రండి." ఫోను పెట్టబోతూ, "జూన్‌కి రసాలు అయిపోతాయి కదా," అని కూడా అన్నాడు లాయరు.

నూజివీడులో వేసిన కవరు ముసునూరు రావడానికి రోజున్నర. ఆ రోజున్నరా సువర్ణరాజుకు నిద్ర లేదు. కొత్త బాట మీద మొదటి ట్రాలీ ఆటో లోపలికొచ్చింది. డాక్టరు గారి మాట చెవిన పడి సంతోష్ కుమార్ మళ్ళీ ఫోన్ చేశాడు. ఇల్లంతా సందడి. అదంతా ఒక్క కవరు మీద నిలబడి ఉందని ఇంట్లో ఒక్కడికే తెలుసు.

మూడో రోజు ఉదయం అతను ముసునూరు పోస్టాఫీసుకు వెళ్ళేసరికి తలుపులు ఇంకా తీయలేదు. మెట్ల మీద అప్పటికే ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. సవరయ్య.

"ఏంటి బావా, పొద్దున్నే?" అన్నాడు సువర్ణరాజు.

"స్టాంపులు కొందామని. నువ్వో?"

"నేనూ స్టాంపులకే."

ఇద్దరిలో ఎవరూ ఉత్తరం రాసి ఏళ్ళు గడిచాయి. ఒకరి పక్కన ఒకరు కూర్చుని, ఎండ ఈసారి ముందే ముదిరిందని మాట్లాడుకున్నారు. పోస్ట్‌మ్యాన్ పేరు ఆరోగ్యం. అతను లోపల సంచి విప్పి కిటికీ తీయగానే ఇద్దరూ ఒక్కసారే లేచారు. ఒక్కసారే కిటికీలో తల పెట్టారు.

"మా బావకేమన్నా వస్తే నాకివ్వు. నేను అటే వెళ్తున్నా."

ఒకే మాట, రెండు గొంతుల్లోంచి వచ్చింది. ఆరోగ్యం ఇద్దరి మొహాలూ చూశాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఇద్దరికీ ఉన్నాయండీ," అన్నాడు ఆరోగ్యం, రెండు కవర్లు బల్ల మీద పెడుతూ. "రెండూ నూజివీడు లాయర్ల దగ్గర్నుంచే. రాజు గారికి సవరయ్య గారి లాయరు పంపారు. సవరయ్య గారికి రాజు గారి లాయరు పంపారు."

ముందు సవరయ్య గొంతు సవరించుకున్నాడు.

"చెట్ల కోసం వేశాను బావా. నీ పెట్టె రాకముందు."

సువర్ణరాజు తల వంచుకున్నాడు. "నాది బాట కోసం బావా. పెట్టె వచ్చిన తర్వాతే."

సవరయ్య బల్ల మీది కవర్లను మళ్ళీ ఒకసారి చూశాడు. తర్వాత అడిగాడు. "అయ్యగారికి చెప్తావా?"

"నువ్వు చెప్తావా?"

"చెప్పను."

"నేనూ చెప్పను. జూన్‌లో ఇద్దరం ఒకే బండి మీద వెళ్ళి వెనక్కి తీసేసుకుందాం. అప్పటిదాకా బాట?"

"బాట బాటే. చెట్లు చెట్లే." సవరయ్య కిటికీ వైపు తిరిగాడు. "ఆరోగ్యం, ఆ కవర్లు అటుదిటు మార్చి ఇచ్చెయ్యవయ్యా. ఎవరు వేసింది వాళ్ళం చింపేసుకుంటాం."

ఆరోగ్యం రూలు తప్పే మనిషి కాదు. ఇద్దరి చేతా సంతకాలు పెట్టించుకుని, ఎవరి పేరున వచ్చిన కవరు వాళ్ళకే ఇచ్చాడు.